నిన్నటి నీళ్ళు

సోమవారం పొద్దున జాగ్రత్త సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, కాఫీ తాగాలి, భార్యని బడి దగ్గర దింపాలి, అక్కణ్ణించి ఆఫీసుకి పోయి పంపులు తిరుగుతున్నాయో లేదో చూడాలి. లోకంలో ఇంతకంటే నిరపాయకరమైన పథకం ఉండదు. అందుకే అది గడ్డం సగం అయ్యేవరకే నిలిచింది.

ఆయన ఆ ఊరి నీళ్ళ సరఫరా కేంద్రానికి ఇంజనీరు. అసలు పేరు ఆఫీసు గేటు మీద రాసి ఉంది కానీ ఎండకి వెలిసిపోయింది. జాగ్రత్త సారు అన్న పేరు మాత్రం వెలవలేదు. మెట్ల దగ్గర జాగ్రత్త, టీ వేడిగా ఉంది జాగ్రత్త, సంతకం పెట్టేటప్పుడు పెన్ను కక్కుతుంది జాగ్రత్త. ఆ మాట అచ్చేయించిన ఎర్ర స్టిక్కర్లు జేబులో పెట్టుకు తిరుగుతాడు, అనుమానం వచ్చిన చోటల్లా అంటిస్తాడు. పెళ్ళయ్యాక తన కూతురితో అల్లుడు మాట్లాడిన మొదటి మాట "గడప తగులుతుంది, జాగ్రత్త" అని అత్తగారు ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

సగం గడ్డంతో ఉండగా ఫోను మోగింది. హెడ్డాఫీసులో పనిచేసే బావమరిది. రహస్యం చెబితే కడుపు ఉబ్బిపోయే మనిషి.

"బావా, నేను చెప్పానని ఎవరికీ చెప్పకు. ఇవాళ మీ కేంద్రానికి ఆకస్మిక తనిఖీ."

"ఆకస్మికం అంటే ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి. కంప్యూటర్ దొంగలు దూరాన్నించి మీ పంపుల్ని ఆపెయ్యగలరా అని పరీక్ష. ఒక మేడం వస్తోంది. దొంగలు ఏం చేస్తారో తన కంప్యూటర్‌తో అచ్చం అదే చేసి చూస్తుంది. పోయినవారం పక్క ఊళ్ళో టీ చల్లారేలోపు అన్నీ ఆపేసిందట. అక్కడి ఇంజనీరు ఏడ్చాడట."

"మా పంపులు కూడా ఆగిపోతే?"

"మీ కేంద్రానికి తాళం. పంపులు నడిపే పనంతా ఇక్కడికి, హెడ్డాఫీసుకి మారుస్తారు. నిన్ను కొండ మీద డ్యాముకి పంపిస్తారు. అక్కడ ఒకే ఒక్క క్వార్టర్సు ఉంది బావా. చుట్టూ కోతులు."

జాగ్రత్త సారు అద్దంలోంచి వెనక్కి చూశాడు. వెనక భార్య నిలబడి ఉంది. ఆవిడ లెక్కల టీచరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ ఒక ఊళ్ళో, ఈయన ఒక ఊళ్ళో. ఎందరి కాళ్ళో పట్టుకుంటే పోయిన నెలలో ఆవిడకి ఈ ఊరికి బదిలీ అయింది. సామాన్ల పెట్టెల్లో ఆఖరిది నిన్న సాయంత్రమే విప్పారు. దాంట్లోంచి తీసిన జత కప్పులు ఇప్పుడు ఆవిడ చేతుల్లో ఉన్నాయి.

"మళ్ళీ సర్దమంటారా?" అంది ఆవిడ. నవ్వుతూ అనలేదు.

"అక్కర్లేదు. నేను చూసుకుంటాను," అన్నాడు.

"మీరు చూసుకుంటానంటేనే నాకు భయం."

ఇంతలో అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని స్నానాలగది గుమ్మంలో ప్రత్యక్షమైంది. కూతురు ఎక్కడుంటే తనూ అక్కడే కనక ఆవిడ పెట్టెలు కూడా నెల కిందటే ఇక్కడికి చేరాయి. "అల్లుడుగారూ, నేను కాసేపాగి తల రుద్దుకుంటాను. పది దాటాక కళ్ళ డాక్టరు దగ్గరికి పోవాలి. ఈ మూడో అంతస్తుకి నీళ్ళు ఎక్కుతాయంటారా?"

"నేనున్నాను కదా అత్తయ్యా."

"అందుకే అడుగుతున్నాను," అంది అత్తగారు.

నీళ్ళ కేంద్రం పనిచేసే పద్ధతి చాలా తేలిక. ఆవరణలో ఒక పెద్ద ట్యాంకు. నీళ్ళు తగ్గితే పంపులు వాటంతటవే తిరుగుతాయి, నిండితే వాటంతటవే ఆగుతాయి. ఇదంతా కంప్యూటర్ చూసుకుంటుంది. మేడ మీద గదిలో గోడంత తెర మీద ట్యాంకు బొమ్మ, పంపుల బొమ్మలు కనిపిస్తాయి. కింద పంపుల గదిలో పెద్దాయన అని పిలవబడే ఆపరేటర్ ఉంటాడు. కంప్యూటర్ మొరాయిస్తే చేత్తో ఆపడానికీ, నడపడానికీ ఆయన దగ్గర పాత స్విచ్చులున్నాయి. అది ఎప్పుడూ మొరాయించలేదు కనక ఆయన వాటికి వారానికోసారి నూనె రాసి గౌరవంగా చూసుకుంటూ ఉంటాడు.

జాగ్రత్త సారు ఆఫీసుకి వచ్చీ రాగానే గదిలో అటూ ఇటూ తిరిగాడు. హెడ్డాఫీసు నుంచి ఒక తీగ వచ్చి ఈ కంప్యూటర్‌కి తగులుకుని ఉంది. దొంగయినా, తనిఖీ మేడమైనా ఆ తీగమ్మటే రావాలి. దాన్ని పీకి పారేస్తే తనిఖీకి అడ్డుపడ్డాడని రాస్తారు. ఉంచితే కొండ మీద కోతులు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆయనకి ఆ క్షణాన బాగా అర్థమైంది.

అప్పుడు మూల బల్ల మీద ఇంకో కంప్యూటర్ కనిపించింది. కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పడానికి కొన్నది. గడిచిన రోజుల్లో ఏ రోజు కావాలంటే ఆ రోజు, పంపులు ఎలా నడిచాయో, ట్యాంకు ఎలా నిండిందో, సినిమా వేసినట్టు మళ్ళీ వేసి చూపిస్తుంది. సినిమాని ఎవరు ఆపగలరు? తుపాకీ పెట్టి కాల్చినా తెర మీద హీరో చావడు.

జాగ్రత్త సారు బయటి తీగని అసలు కంప్యూటర్ నుంచి పీకి ఈ నేర్పుడు కంప్యూటర్‌కి తగిలించాడు. గోడ మీది తెరని కూడా దీనికే కలిపాడు. అసలు కంప్యూటర్ చాటున తన పని తాను చేసుకుంటూ పోతుంది, మేడం వచ్చి బొమ్మతో కుస్తీ పట్టుకుంటుంది. ఇక ఏ రోజు సినిమా వెయ్యాలి? గడిచిన వారంలో అన్నిటికంటే ప్రశాంతంగా గడిచిన రోజు నిన్న. ఒక్క హెచ్చరిక గంట మోగలేదు. నిన్నటి రోజు వేశాడు. తెర మూల తేదీ కనిపిస్తోంది కనక దాని మీద జాగ్రత్త స్టిక్కరు ఒకటి అంటించాడు. కిటికీలోంచి ట్యాంకు కనిపిస్తుంది. దాని గోడ మీద ఒక పాత కొలబద్ద, నీళ్ళతో పాటు ఎక్కి దిగే ఎర్రముల్లు ఉన్నాయి. ఎందుకైనా మంచిదని ఆ కిటికీకున్న గుడ్డ తెర లాగి మూసేశాడు. కింద పెద్దాయనకి ఫోను చేశాడు.

"ఇవాళ నేనేం చెప్పినా ఎందుకని అడక్కుండా చెయ్యండి."

"ఏ రోజు అడిగాను సార్?" అన్నాడు పెద్దాయన.

తనిఖీ మేడం చెప్పిన టైముకే ఆకస్మికంగా వచ్చింది. బక్కపల్చని మనిషి, బట్టసంచిలో కంప్యూటర్, నెమ్మదైన గొంతు. ఇంజనీర్లని ఏడిపించే మనిషని చూస్తే ఎవరూ అనుకోరు.

"దాడి మొదలుపెట్టొచ్చాండీ?" అని అడిగింది, కుర్చీ జరుపుకోవచ్చా అన్నంత మర్యాదగా.

"తప్పకుండా. ఆ వైరు కాళ్ళకి తగులుతుంది, జాగ్రత్త."

ఆవిడ కంప్యూటర్ తెరిచి, వేళ్ళు విరుచుకుని, ఒక్కసారి గోడ మీది తెర చూసింది. తర్వాత తల పక్కకి వంచి చెవి పెట్టింది.

"ఇంజనీరుగారూ, పంపులు రెండూ ఆగి ఉన్నాయని తెర చెబుతోంది. మరి కింద ఆ మోత ఏమిటి?"

నిన్న ఆదివారం. ఊరంతా ముసుగు తన్ని పడుకుంది, ట్యాంకు నిండుగా ఉంది, పంపులు మధ్యాహ్నం దాకా కునుకు తీశాయి. ఇవాళ సోమవారం. ఊరంతా ఒక్కసారే లేచి ఒక్కసారే స్నానాలకి పరిగెత్తింది. కింద పంపులు రెండూ ఒళ్ళు విరుచుకుని తిరుగుతున్నాయి.

"అదా... పిండిమర అండీ."

"వచ్చేటప్పుడు కనబడలేదే?"

"వెనకాల. చాలా వెనకాల." ఫోను తీశాడు. "పెద్దాయనా, ఆ పిండిమర కాస్త ఆపమనండి. మేడంగారికి ఇబ్బందిగా ఉందట."

"మనకి పిండిమర ఎక్కడుంది సార్?"

"ఎందుకని అడగొద్దన్నాను."

పెద్దాయన బుర్రకి పదునుపెట్టినట్టున్నాడు. "రెండు మరలూనా సార్? చేత్తోనా?"

"రెండూ. చేత్తోనే."

మోత ఆగింది. గది ప్రశాంతంగా అయిపోయింది. ట్యాంకులో ఎన్నో కొన్ని నీళ్ళుంటాయి, ఆవిడ రెండు మీటలు నొక్కి పోతుంది, కాసేపట్లో మళ్ళీ నడిపిద్దాం అనుకున్నాడు జాగ్రత్త సారు. అనుకోవడం వరకూ తప్పులేదు.

మేడం దాడి మొదలుపెట్టింది. పంపుల్ని నడిపి ట్యాంకు పొంగించాలని చూసింది. తెర మీద పంపులు కదల్లేదు. అడుగు వాల్వు తెరిచి ట్యాంకు ఖాళీ చెయ్యాలని చూసింది. తెర మీద ట్యాంకులో చుక్క తగ్గలేదు. హెచ్చరిక గంటలన్నీ ఒక్కసారి మోగించబోయింది. చీమ చిటుక్కుమనలేదు. ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. చేతులు మడిచి మళ్ళీ మొదలుపెట్టింది. ఎక్కడా ఓడిపోని మనిషికి పంతం వస్తే చూడాలి, టైము సంగతి మరిచిపోయింది.

జాగ్రత్త సారు కూడా మరిచిపోయాడు. ఆయన ఏళ్ళ తరబడి ఆ తెరని చూసి, అది నిండింది అంటే నిండింది అని నమ్మి బతికినవాడు. నిండు ట్యాంకు బొమ్మ కళ్ళెదుట నీలంగా మెరుస్తూ ఉంటే ఆయన ప్రాణం హాయిగా సర్దుకుంది. పిండిమర మళ్ళీ నడపాలన్న మాట ఆ హాయిలో కొట్టుకుపోయింది.

బల్ల మీద ఫోను మోగింది.

"అల్లుడుగారూ, తల నిండా నురుగుంది. కుళాయి దారం కట్టినట్టు వస్తోంది."

మేడం పక్కనే ఉంది. జాగ్రత్త సారు గొంతు సవరించుకున్నాడు. "అలా వీల్లేదండీ. ట్యాంకు నిండుగా ఉంది. నా కళ్ళతో నేను చూస్తున్నాను."

"ఈ 'అండీ' ఏమిటి కొత్తగా? మీరు ట్యాంకు చూస్తున్నారు, నేను కుళాయి చూస్తున్నాను."

ఆయన పెట్టేశాడు. కాసేపటికే మళ్ళీ మోగింది. "దారం కూడా తెగిపోయింది. కంట్లో సబ్బు పడింది. పంపు వెయ్యండి నాయనా!"

"పంపు వెయ్యక్కర్లేదండీ, ట్యాంకు..." అంటూ తెరవంక చూసిన జాగ్రత్త సారుకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ ట్యాంకు ఆదివారానిది. ఫోను పెట్టేసి, పెద్దాయనకి చెప్పడానికి రెండో ఫోను మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోవద్దు," అంది మేడం.

ఆవిడ లేచి నిలబడింది. గొంతు ఇంకా నెమ్మదిగానే ఉంది కానీ కళ్ళు వెలిగిపోతున్నాయి. "ఇందాకట్నుంచీ వింటున్నాను. ఎవరో మిమ్మల్ని పంపు వెయ్యమని తొందరపెడుతున్నారు, అవునా?"

"అవునండీ."

"నీళ్ళు రావట్లేదని చెబుతున్నారు?"

"అవునండీ."

"ట్యాంకు నిండుగా ఉందని తెర చెబుతోంది. నిండిన ట్యాంకుకి మీ చేత పంపు వేయిస్తే పొంగి గోడలు పగులుతాయి. తీగలోంచి రాలేనివాళ్ళు మనిషిలోంచి వస్తారు ఇంజనీరుగారూ. ఇది నా దాడి కాదు. నిజం దాడి! ఇప్పట్నుంచీ ఎవరూ ఏ స్విచ్చూ ముట్టుకోకూడదు."

పంపు వెయ్యాలంటే స్విచ్చు ముట్టుకోవాలి. స్విచ్చు ముట్టుకోవాలంటే తెర అబద్ధమని చెప్పాలి. ఊళ్ళో నీళ్ళు లేకపోయినా జాగ్రత్త సారు మాత్రం నీళ్ళు నమలసాగాడు. అంతలో ఫోను మళ్ళీ మోగింది. మేడం స్పీకరు నొక్కింది.

"ఇంకా వెయ్యలేదా అల్లుడుగారూ?"

"మొదట చుట్టరికం కలుపుతారు," అని మేడం గుసగుసగా చెప్పి, ఫోను దగ్గరికి వంగింది. "నమస్కారమండీ. మీరెవరు?"

"నువ్వెవరమ్మా? మా అల్లుడి ఫోను నువ్వెత్తావేంటి?"

"మీరు ఆయన అత్తగారని రుజువేమిటి?"

"రుజువా!" అత్తగారి గొంతు సబ్బునురుగులోంచి కూడా ఖంగుమంది. "ఎడమ మోకాలి మీద మచ్చ ఉంటుంది, చూసుకో. మెట్ల దగ్గర జాగ్రత్త అని బోర్డు కొడుతూ ఆ మెట్ల మీంచే పడ్డాడు. పడుకుంటే గురక. లేస్తే చాదస్తం. బల్లి కనబడితే మంచం ఎక్కుతాడు."

మేడం ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. "చాలా సమాచారం పోగుచేశారు. ఎన్నాళ్ళనించో మీ మీద కన్నేసి ఉంచారు."

"నిజమేనండీ. పెళ్ళయిన దగ్గర్నుంచీ," అనబోయి నాలిక కరుచుకుని, "బల్లి సంగతి అబద్ధమండీ," అన్నాడు జాగ్రత్త సారు.

"అబద్ధమా!" అంది ఫోను. "మొన్న నేను చీపురు తేకపోతే మంచం దిగావా నువ్వు?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది. ఆవిడ కోపానికి అది మూడో మెట్టు.

"ఇంజనీరుగారూ," అంది మేడం, "ఒక్క మాట చెప్పండి చాలు. ఈవిడ మీ అత్తగారా, కాదా?"

అవునంటే ఆవిడ మాట నిజం. ఆవిడ మాట నిజమైతే తెర అబద్ధం. తెర అబద్ధమైతే కొండ, కోతులు, మళ్ళీ పెట్టె. జత కప్పుల్లో ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. జాగ్రత్త సారు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"నాకు అత్తగారు లేరండీ."

ఫోనులోంచి చాలాసేపు ఏ చప్పుడూ రాలేదు. నురుగు బుడగలు చిట్లడం వినిపించిందని జాగ్రత్త సారు తర్వాత ప్రమాణం చేసి చెప్పేవాడు. ఆ తర్వాత ఫోను టక్కున పెట్టేసిన చప్పుడు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆయనకి జ్వరమొస్తే కూతురికంటే ముందు బస్సెక్కి వచ్చి, పది రోజులు గంజి కాచి పోసిన మనిషి ఆవిడ. అది తలుచుకుంటే ఆయన మీద ఆయనకే అసహ్యం వేసింది.

"శభాష్," అంది మేడం. "ఇంత నిబ్బరం నేనెక్కడా చూడలేదు."

వెంటనే హెడ్డాఫీసుకి ఫోను చేసి, ఈ నంబరు వెనక ఉన్న ముఠా ఎవరో కనుక్కోమంది. ఫోను ఎత్తింది బావమరిది. నంబరు విన్నాడు. "కనుక్కోవడం కష్టమండీ మేడం," అని నీరసంగా పెట్టేశాడు. కన్నతల్లి పేరు ముఠాల పుస్తకంలోకి ఎక్కించాలంటే ఎవరికైనా కష్టమే.

ఆ తర్వాత సంగతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. హోటల్‌వాడు ఫోను చేసి నీళ్ళు లేవన్నాడు. బట్టలుతికే దుకాణంవాడు చేసి నీళ్ళు లేవన్నాడు. భార్య బడి నుంచి హెడ్‌మిస్ట్రెస్ చేసి, పిల్లల్ని చేతులు కడుక్కోమని లైన్లో నిలబెట్టాం, లైను పెరుగుతోంది గానీ నీళ్ళు లేవంది. మేడం అందరికీ మర్యాదగా జవాబు చెప్పింది. "ఊరంతా ఒకే మాట అంటున్నారంటే ముఠా మనం అనుకున్నదానికంటే పెద్దది," అని నిట్టూర్చి, టీ తెమ్మంది. కింద క్యాంటీన్ ఆవిడ మెట్లెక్కి వచ్చి, నీళ్ళు లేవు, టీ లేదు అని చెప్పి దిగిపోయింది.

మేడం తలుపు మూసి వచ్చింది. "మీ క్యాంటీన్ మనిషిని కూడా లోబరుచుకున్నారు ఇంజనీరుగారూ."

పులి మీద పుట్రలా అప్పుడు ఆ మూసిన తలుపు ధడాలున తెరుచుకుంది.

గుమ్మంలో అత్తగారు. తలకి తువ్వాలు, తువ్వాలు కింద చెవుల దగ్గర ఎండిపోతున్న నురుగు, కుడికన్ను మూత, కాలికొక రకం చెప్పు. అనుమతి లేనిదే లోపలికి రాకూడదని గేటు దగ్గర అడుగెత్తు అక్షరాలతో రాసి ఉంది. గేటు దగ్గర మనిషి కూడా ఉన్నాడు. ఆ ముఖం చూశాక అనుమతి అడిగే ధైర్యం అతనికి కలగలేదు.

"అత్తగారు లేరన్న మనిషి ఏడీ?" అంది ఆవిడ, ఒంటికన్నుతో గదంతా వెతుకుతూ. "ముందు ఈ కన్ను మండి చస్తోంది, ఏదైనా గుడ్డ..."

చేతికి కిటికీ తెర తగిలింది. ఆవిడ దాన్ని పట్టి లాగి రెండు కళ్ళూ శుభ్రంగా తుడుచుకుంది. ఆ లాగుడుకి తెర, దాని కడ్డీ, కడ్డీ పెట్టిన గోడ పెళ్ళ, అన్నీ కలిసి కింద పడ్డాయి.

కిటికీలో ఎండ. ఎండలో ట్యాంకు. ట్యాంకు గోడ మీద ఎర్రముల్లు అట్టడుగున వేలాడుతోంది.

మేడం ముల్లు చూసింది. గోడ మీద నీలంగా నిండి ఉన్న ట్యాంకు బొమ్మ చూసింది. అత్తగారి చెవి దగ్గర నురుగు చూసింది. నెమ్మదిగా నడిచి వెళ్ళి, తెర మూల అంటించిన ఎర్ర స్టిక్కరుని గోటితో గీకి ఊడదీసింది.

"ఇంజనీరుగారూ, ఆదివారం ఎప్పుడండీ?"

"నిన్నండీ," అన్నాడు జాగ్రత్త సారు. తేలు కుట్టిన దొంగలా ఇంక నిలబడలేకపోయాడు. కుర్చీలో కూలబడి మొత్తం కక్కేశాడు. బావమరిది ఫోను తప్ప అన్నీ చెప్పాడు. ఆఖరికి, "ఈవిడ మా అత్తగారేనండీ. బల్లి సంగతి కూడా నిజమే," అన్నాడు.

కిందికి ఫోను చేసి పంపులు వేయించాడు. మోత మొదలైంది. "ట్యాంకు దిగిపోతోందని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను సార్," అన్నాడు పెద్దాయన. "పరీక్షంటే ఇదేనేమో, మీరు భలే ఆడుతున్నారు అనుకున్నాను."

మేడం కంప్యూటర్ మూసి బట్టసంచిలో పెట్టుకుంది. "అంటే పొద్దుట్నుంచీ నేను ఆదివారాన్ని కొడుతున్నానన్నమాట," అంది. ఇంకేం అనలేదు. ఏడిపించలేదు కూడా. వెళ్ళేముందు అత్తగారిని కంటి డాక్టరు దగ్గర దింపింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్యకి అన్నీ తెలిసిపోయాయి. ఆవిడ కప్పులు రెండూ కడిగి తుడుస్తోంది. అత్తగారు హాల్లో ఖాళీ పెట్టె మీద కూర్చుని ఉంది. జాగ్రత్త సారు వైపు చూడలేదు, పలకరిస్తే పలకలేదు.

"పెట్టె కావాలేమో," అన్నాడు ఆయన భార్యతో, తల దించుకుని. "నా తప్పే. సర్దుకుందాం."

"నేనేం చెయ్యను? మధ్యాహ్నం డాక్టరు దగ్గర్నుంచి వచ్చినప్పట్నుంచీ అమ్మ దాని మీద కూర్చుంది. లేవనంటోంది. మీరు మాట్లాడండి."

"ఆ మనిషితో నాకు మాటల్లేవు," అంది అత్తగారు గోడతో. "పెట్టె మాత్రం ఇవ్వను."

జాగ్రత్త సారు వంటింట్లోకి పోయి ఒంటరిగా రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. వస్తున్నాయి నీళ్ళు.

వారం తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. మేడం రాసినదాని మీద వాళ్ళు నాలుగు రోజులు తర్జనభర్జన పడ్డారట. పాత బొమ్మ చూపిస్తూ చాటున పని కానివ్వడం నిజం దొంగలు చేసే పనే అనీ, లోపలి మనిషి ఒకడు దాన్ని ఒక గంటలో సిద్ధం చేసి ఊరంతటికీ నీళ్ళు ఆపేశాడనీ, దాన్ని ఏ యంత్రమూ పట్టుకోలేదనీ, తను కూడా పట్టుకోలేదనీ ఆవిడ దాపరికం లేకుండా రాసింది. సబ్బునురుగు పట్టుకుందని కూడా రాసింది. పంపులు నడిపే పని హెడ్డాఫీసుకి మారిస్తే అక్కడ కూర్చున్నవాళ్ళు వారమంతా ఆదివారం చూస్తూ ఉంటారు కనక, కేంద్రాన్ని కదల్చడానికి వీల్లేదని తేల్చింది. ట్యాంకు కనబడే చోట మనుషులుండాలి. ఆ కిటికీకి ఇక ఎప్పటికీ తెర ఉండకూడదు.

జాగ్రత్త సారుని ఇంజనీరు కుర్చీలోంచి తీసేశారు. శిక్షగా తనిఖీ విభాగంలో వేశారు. నెలనెలా, ఎవరికీ చెప్పకుండా, తనకున్న కపటమంతా ఉపయోగించి అదే కేంద్రాన్ని మోసం చెయ్యడం ఆయన కొత్త ఉద్యోగం. ఆ పనికి ఆయన ఈ ఊళ్ళోనే ఉండాలి. ఉత్తర్వు చదివి భార్య కప్పులు రెండూ అలమారలో పై అరలో పెట్టి తలుపు వేసింది. పెట్టెని పాత దినపత్రికలు కొనేవాడికి ఇచ్చేసింది.

ఉత్తర్వులో ఆఖరి నియమం ఒకటుంది. తెరకీ కుళాయికీ తేడా వస్తే కుళాయినే నమ్మాలి. అందుకోసం ఊళ్ళో ఎత్తయిన చోట ఉన్న ఒక కుళాయిని గుర్తించి, ప్రతి సోమవారం ఫోనులో అడిగి తెలుసుకోవాలి. అడిగేవాళ్ళూ, చెప్పేవాళ్ళూ ముందు ఒకరినొకరు ఎవరో రుజువు చేసుకోవాలి. ఎత్తయిన కుళాయి ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. అడిగే పని ఎవరికి పడిందో కూడా చెప్పక్కర్లేదు.

మొదటి సోమవారం జాగ్రత్త సారు గొంతు సవరించుకుని ఫోను చేశాడు.

"అత్తయ్యా, నేను. కుళాయిలో నీళ్ళు వస్తున్నాయా?"

"ఎవరండీ?"

"నేనే అత్తయ్యా. మీ అల్లుణ్ణి."

అవతల కుళాయి ధారగా పడుతున్న చప్పుడు హాయిగా వినిపిస్తోంది.

"నాకు అల్లుళ్ళు లేరు నాయనా," అంది ఆవిడ. "నీళ్ళు మాత్రం బ్రహ్మాండంగా వస్తున్నాయి."